జింకల ముందు మొక్కజొన్న పోయకండి

డిసెంబరులో మొదటి పెద్ద మంచు కురిసిన మర్నాడు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మా వీధి చివరి ఇంట్లో ఉండే అన్నయ్య పంపారు. పెరట్లో మంచు మీద బకెట్టెడు మొక్కజొన్నలు కుప్ప పోశారు. ఐదు జింకలు మూతులు ఆనించి తింటున్నాయి. వెనక నుంచి ఆయన మనవరాలి నవ్వు వినిపిస్తోంది. కాసేపట్లోనే గ్రూపంతా దండాలు, గుండె బొమ్మలతో నిండిపోయింది. "పుణ్యం కట్టుకున్నారన్నయ్యా" అని ఒకరు. "మేమూ ఓ మూట తెచ్చుకుంటాం, ఎక్కడ కొన్నారు?" అని ఇంకొకరు.

గ్రూపులో నేనేమీ రాయలేదు. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, ఇలా చేయొద్దని చెప్పాను. నొచ్చుకున్నారు. "నోరులేని జీవం గుమ్మం ముందుకొచ్చి నిలబడితే ఇంత పెట్టొద్దంటావేంటి తమ్ముడూ?" అన్నారు. ఆ మాటకు అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. మేముండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ పక్కన. అయినా ఈ మాట మిషిగన్‌లో, మిన్నెసోటాలో పెరటి కిటికీ దగ్గర నిలబడి జింకల్ని చూస్తున్న ప్రతి తెలుగు ఇంటికీ వర్తిస్తుంది.

ఆ వీడియోను ఆపి ఆపి చూశాను. తల్లి జింక వీపు మీద వేలెడు మందాన మంచు పేరుకుని ఉంది. చూడగానే అయ్యో అనిపిస్తుంది. కానీ ఆ మంచు కరగకపోవడానికి కారణం ఒంట్లోని వేడి బయటికి పోకపోవడమే. చలికాలంలో ఈ తెల్లతోక జింకలకు పెరిగే వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, వాటి కింద మెత్తని నూగు మరో పొర. ఆకులు రాలే కాలమంతా ఓక్ కాయలు మేసి కొవ్వు పట్టిస్తాయి. చలి ముదిరాక తిరుగుడు తగ్గించి, ఒక చోట ముడుచుకుని పడుకుని, ఆ కొవ్వును కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటాయి. దొడ్లో పెట్టి కావాల్సినంత మేత వేసినా ఈ కాలంలో జింకలు తక్కువే తింటాయి. వసంతం వచ్చేసరికి ఒంటి బరువులో ఐదో వంతు తగ్గిపోవడం వాటికి మామూలు సంగతి. బక్కచిక్కిన జింక కనిపించగానే ఆకలితో చచ్చిపోతోందని మనం అనుకుంటున్నాం. అది చలికాలం గడుపుతున్న జింక, అంతే.

ఇక మొక్కజొన్న సంగతి. పల్లెలో పెరిగినవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. పెళ్లిలో మిగిలిన అన్నం దొడ్డి వెనక పారబోస్తే ఏమవుతుంది? మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక పాడిగేదె కట్టుతాడు తెంపుకుని అలాంటి అన్నం కుప్ప మీద పడింది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి, పళ్లు కొరుకుతూ కూలబడిపోయింది. డాక్టరు వచ్చేలోపే పోయింది. ఇంటావిడ దాని మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. "గడ్డి తినే పొట్టలో గింజ పోస్తే నిప్పు పెట్టినట్టే" అని మా తాత అప్పుడు అన్నాడు.

జింకదీ అదే నెమరువేసే పొట్ట. అందులో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. కాలాన్ని బట్టి, దొరికే మేతను బట్టి ఆ జీవుల రకాలు మారతాయి. చలికాలంలో అవి పుల్లలు, మొగ్గలు, బెరడు అరిగించడానికి సిద్ధమై ఉంటాయి. ఉన్నట్టుండి పిండిపదార్థం వచ్చి పడితే పొట్టంతా పులిసి ఆమ్లం అయిపోతుంది. కొత్త మేతకు ఆ జీవులు అలవాటు పడాలంటే రెండు మూడు వారాలు కావాలి. అంత గడువు జింకకు ఎక్కడిది? 2015 శీతాకాలంలో న్యూ హ్యాంప్‌షైర్‌లోని సౌత్ హ్యాంప్టన్‌లో 12 జింకలు ఒకే చోట చచ్చిపడి కనిపించాయి. జనం వేసిన మేతే వాటి ప్రాణం తీసిందని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ తేల్చింది. కడుపు నిండా తిండితో చచ్చిపోయాయి అవి.

"మన దగ్గర జింకలు మొక్కజొన్నకు అలవాటు పడ్డవే కదా" అని అన్నయ్య అడిగారు. నిజమే. దక్షిణ విస్కాన్సిన్ అంతా మొక్కజొన్న పొలాలే. కోత అయ్యాక రాలిన గింజల్ని జింకలు ఏరుకుని తింటాయి, కాబట్టి మా దగ్గర పొట్ట పులిసే ప్రమాదం తక్కువ. అదే కారణంగా మా దగ్గర వాటికి ఆకలి చావులూ అరుదు. మరి ఆ బకెట్ ఎవరి కోసం?

మా దగ్గరున్న ప్రమాదం అంతకంటే పెద్దది. దాని పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. మ్యాడ్ కౌ జబ్బుకు దగ్గర చుట్టం. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో, దొడ్లో పెంచుతున్న జింకల్లో దీన్ని మొదట గమనించారు. 2002లో మా ఇంటికి అరగంట దూరంలో, మౌంట్ హోరెబ్ దగ్గర వేటాడిన జింకల్లో బయటపడింది. ఇవాళ అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. మా రాష్ట్రం నైరుతి మూల కొన్ని చోట్ల పెద్ద మగ జింకల్లో మూడింట ఒకదానికి పైగా ఈ జబ్బు కనిపించింది. దీన్ని తెచ్చేది బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే, మడత తప్పిన ఒక ప్రోటీన్. మెదడులో తన పక్కనున్న ప్రోటీన్లను కూడా తనలా మడత తప్పిస్తూ పోతుంది. మందు లేదు, టీకా లేదు. సోకిన జింక ఏడాది, ఏడాదిన్నర పాటు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ఆ తర్వాత తల వాల్చి, చొంగ కారుస్తూ, ఎముకల గూడై చచ్చిపోతుంది. బతికుండే ఒక్కటీ ఉండదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు. అయినా సోకిన జింక మాంసం తినొద్దని ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

ఆ ప్రియాన్ లాలాజలంలో ఉంటుంది, మూత్రంలో ఉంటుంది, పెంటికల్లో ఉంటుంది. నేలలో పడితే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. ఇప్పుడు ఆ వీడియో మళ్లీ చూడండి. ఐదు మూతులు ఒకే కుప్పలో. అడవిలో జింక నడుస్తూ ఇక్కడో చిగురు, అక్కడో పుల్ల కొరుక్కుంటూ పోతుంది. ఒక జింక ఎంగిలి మరో జింక మూతికి తగలడం తక్కువ. మన బకెట్ వాటన్నిటినీ రోజూ ఒకే జానెడు చోటికి పిలుస్తోంది. అందుకే మా జిల్లా అయిన డేన్ కౌంటీలో జింకలకు మేత వేయడం చట్టం ప్రకారమే నిషేధం. ఈ సంగతి మా గ్రూపులో చాలామందికి తెలియదు. ఇంకోటి కూడా ఆ వీడియోలోనే ఉంది. పెద్ద జింక ముందుకాలు ఎత్తి కొట్టినప్పుడల్లా పిల్ల జింక పక్కకు తప్పుకుంటోంది. నాలుగు నిమిషాల వీడియోలో దానికి దొరికింది రెండే రెండు సార్లు. మనకు జాలి కలిగించే పిల్లకే ఆ కుప్పలో అందేది తక్కువ.

అవతలి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. వాటి అడవుల్ని మనుషులే తిన్నారు కాబట్టి వాటి ఆకలికి మనుషులే బాధ్యులని అంటారు. గడ్డు చలికాలాల్లో ప్రభుత్వాలే మేత వేస్తాయి కదా అని కూడా అంటారు. వేస్తాయి. 2023 మొదట్లో విపరీతంగా మంచు పడినప్పుడు యూటా రాష్ట్రం కొన్ని చోట్ల జింకలకు మేత వేసింది. కానీ జింక పొట్టకు సరిపడేలా తయారుచేసిన దాణా అది. వాటి ఒంటి స్థితిని కొలిచి, ఎక్కడ వేయాలో నిపుణులు నిర్ణయించాక వేశారు. దుకాణంలో కొన్న మూటను దానితో పోల్చలేం. ఇక మొదటి మాట, అడవుల్ని తిన్నది మనమే అన్నది, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమే అది.

వ్యోమింగ్‌లో జాక్సన్ అనే ఊరుంది. ఎల్లోస్టోన్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది ఆ ఊరి మీదుగానే పోతారు. ఎల్క్ అనే పెద్ద దుప్పులు ఒకప్పుడు చలికాలం రాగానే కొండలు దిగి ఆ లోయ మీదుగా, ఇంకా కిందికి మేత కోసం పోయేవి. ఆ లోయలో జనం స్థిరపడ్డారు, పశువుల ఫారాలు పెట్టారు, కంచెలు వేశారు. దారి మూసుకుపోయింది. వరసగా కొన్ని గడ్డు చలికాలాల్లో ఎల్క్ వేల సంఖ్యలో చచ్చిపోతుంటే ఊరివాళ్లు చలించిపోయి గడ్డి వేశారు. ప్రభుత్వం కదిలింది. 1912లో నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ అనే రక్షిత ప్రాంతం ఏర్పడింది. మొదట ఎండుగడ్డి, తర్వాత లూసర్న్ గడ్డి బిళ్లలు. వందేళ్లు దాటినా ఆ మేత ఆగలేదు. వేల ఎల్క్ ఒక్క చోట గుమిగూడి నిలబడే అలవాటు పడ్డాయి. మేత వేసే చోట్ల ఉండే మందల్లో కడుపులోని పిల్లలు ఈచుకుపోయే జబ్బు బ్రూసెల్లోసిస్ పాతుకుపోయింది. 2020లో ఆ పక్కనే గ్రాండ్ టీటన్ పార్కులో ఒక ఎల్క్‌కు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఉందని తేలింది. ఇప్పుడు మేత ఆపితే ఎల్క్ ఆకలితో చస్తాయి, పశువుల ఫారాల మీద పడతాయి. ఆపకపోతే ఆ మేత దగ్గరే జబ్బు అంటుకుంటుంది. అక్కడి అధికారులు ఏళ్లుగా ఈ టెన్షన్‌లోనే ఉన్నారు.

మొదట గడ్డి వేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. మా అన్నయ్యలాంటివాళ్లే. కానీ ఎల్క్ పోగొట్టుకున్నది దారి. వాటికి దొరికింది గడ్డి. ఎవరూ కంచె తీసి దారి ఇవ్వలేదు. గడ్డికి ఖర్చు తక్కువ, చూడ్డానికి బాగుంటుంది, మనసుకు హాయిగా ఉంటుంది. దారి ఇవ్వాలంటే భూమి వదులుకోవాలి. భూమి విలువ ఎంతో జాక్సన్‌లోనూ తెలుసు, హైదరాబాద్‌లోనూ తెలుసు.

2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 400 ఎకరాల్లోకి రాత్రికి రాత్రి బుల్డోజర్లు దిగాయి. నెమళ్ల అరుపులతో ఆ వీడియోలు అమెరికాలో మా ఫోన్లకూ వచ్చాయి. చుక్కల జింకలు చెల్లాచెదురయ్యాయి, కుక్కలు కరిచి ఒక జింక చనిపోయింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేదాకా చెట్లు కూలుతూనే ఉన్నాయి. ఆ వారం రోజులూ మా గ్రూపులో దాని మీద ఒక్క మాట లేదు. ఒకరు వీడియో పెడితే, రాజకీయాలు వద్దని అడ్మిన్ తీసేశారు. బకెట్టెడు మొక్కజొన్నలకు అన్ని దండాలు పెట్టిన మనుషులం మేమే.

అలిపిరి మెట్ల దారిలో కంచె సందుల్లోంచి జింకలకు కీరా ముక్కలు అందించడం మనలో చాలామందికి చిన్ననాటి జ్ఞాపకం. నాకూ ఉంది. అరచేతికి తగిలిన ఆ గరుకు నాలుక ఇంకా గుర్తే. 2023 ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేశాక, దారి పొడవునా జంతువులకు తిండి పెట్టొద్దని టీటీడీ ఆంక్షలు పెట్టింది. తిండి పడిన చోటికి కోతులు, కుక్కలు, పందులు, జింకలు వస్తాయి, వాటి వెనకే చిరుత వస్తుంది. అంత ఘోరం జరిగితే గానీ మనకు ఈ సంగతి తట్టలేదు. శేషాచలం కొండల్లో జింకకు మన కీరా అక్కర్లేదు. రాత్రిపూట ఆ దారి దానికి వదలాలి.

మా వీధి వెనక పన్నెండు ఎకరాల ఓక్ అడవి ముక్క ఉంది, వాగు దాకా. అన్నయ్య వీడియోలోని జింకలు రాత్రి పడుకునేది అక్కడే. మొన్న ఎండ కాసిన రోజు వెళ్లి చూశాను. మోకాలెత్తున పొదల్లో పుల్లల చివర్లన్నీ పీచు పీచుగా చిరిగి ఉన్నాయి. జింకకు పై దవడ ముందుపళ్లు ఉండవు, అందుకే కుందేలు కొరికినట్టు నున్నగా తెగవు. మంచులో ఐదు పడకల గుంటలు. అవి వాటి తిండి అవే తింటున్నాయి, వాటి చోట అవే పడుకుంటున్నాయి. ఆ పన్నెండు ఎకరాల్లో మరో నలభై ఇళ్లు కట్టడానికి బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్టోబరులో దాని మీద సిటీ వాళ్లు మీటింగ్ పెడితే, మా కాలనీలోని ముప్పై తెలుగు ఇళ్లలోంచి వెళ్లింది ఇద్దరం.

జనవరి రెండో మంగళవారం సాయంత్రం ఆరున్నరకు మళ్లీ మీటింగ్ ఉంది. వాగు పక్క సగం అడవినైనా ముట్టుకోవద్దని అడగబోతున్నాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు, ఇంగ్లిష్ అంత బాగా రాకపోయినా వింటారు. అన్నయ్యను కూడా రమ్మన్నాను. చూస్తానన్నారు. మొక్కజొన్న మూట ఇంకా సగం ఉందట, దాన్నేం చేయాలని అడిగారు. కొన్న చోటే వెనక్కి ఇచ్చేయండన్నాను.