ఈ-వేస్ట్ డబ్బా ప్రారంభోత్సవం: శాస్త్రోక్త విధానం

జూన్ 5న పర్యావరణ దినోత్సవం, అక్టోబరు 14న ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) దినోత్సవం. ఏడాదికి ఈ రెండుసార్లు ఆఫీసులన్నింటికీ ఆకుపచ్చ రేకు డబ్బా మీద భక్తి పుట్టుకొస్తుంది. క్రతువులో లోపం జరగకూడదు గనుక విధానం మనవి చేస్తున్నాం.

ముందు ఫ్లెక్సీ కట్టాలి. పీవీసీది శ్రేష్ఠం. తర్వాత రిబ్బను, శాలువా. ముఖ్య అతిథి చేతికి పాత మౌసు ఇవ్వాలి. దొరక్కపోతే ఎవరి టేబులు మీదిదో పీకండి, ఫొటో అయ్యాక తిరిగిచ్చేయొచ్చు. అతిథి దాన్ని డబ్బా నోటికి ఆనించి కెమెరా వైపు నవ్వాలి. వదలరాదు. "ఇంకొక్కటి సార్!" మళ్లీ ఆనించాలి. మేడం గారు ఫ్రేములో పడలేదట, మళ్లీ. జారిందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి. అందుకే తోక గట్టిగా పట్టుకోవాలి.

ఆపై డబ్బా సెక్యూరిటీ కుర్చీ వెనక్కి చేరుతుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు, పాత తాళాలు, టీ కప్పులు అన్నీ అందులోకే. లిథియం సెల్ టెర్మినళ్లకు టేపు చుట్టాలనీ, ఉబ్బినదాన్ని పొడి ఇసుకలో విడిగా ఉంచాలనీ, లేకుంటే లోహం తగిలి షార్టయి అంటుకుంటుందనీ ఫ్లెక్సీలో ఎక్కడా ఉండదు. స్పాన్సర్ల లోగోలకే చోటు చాలలేదు మరి.

నిండిన డబ్బా ఎటు పోతుంది? కాటా మీద ఎక్కువిచ్చేవాడి దగ్గరికి. అధీకృత రీసైక్లరుకు పొగ, నీరు శుద్ధిచేసే ఖర్చుంది, తుక్కు వ్యాపారికి అగ్గిపెట్టె ఖర్చే. ఢిల్లీ సీలంపూర్‌లో విప్పుతారు, ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్‌లో సర్క్యూట్ బోర్డులు కాలుస్తారు, బూడిద కడిగిన నీళ్లు రామగంగ నదిలో కలుస్తాయి. పాత బోర్డుల టంకంలో మూడో వంతుకు పైగా సీసమే. వైరు తొడుగు కాలితే డయాక్సిన్లనే విషాలు. బోర్డుల్లోని బంగారం కోసం యాసిడ్ బకెట్ల మీద వంగే చేతులకు గ్లౌజులుండవు. ఆ పొగలో పిల్లలుంటారు. పిల్లల తెలివిని సీసం తినేస్తే అది తిరిగి రాదు. దాని మీద కప్పండి మీ శాలువా!

అన్నట్టు, చట్టమూ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలు తుక్కు రీసైకిల్ అయిందని చెప్పే సర్టిఫికెట్లు రీసైక్లర్ల దగ్గర కొని లెక్క చూపాలి. ఆ లెక్కకొచ్చేవి బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం. సీసానికీ పాదరసానికీ మార్కుల్లేవు. ఆ సర్టిఫికెట్ కాగితం మరీ చవగ్గా పోతోందని, కంపెనీలు రీసైక్లర్లకు గృహోపకరణాల తుక్కుకు కిలోకి కనీసం 22 రూపాయలివ్వాలని 2024లో కేంద్రం ఖరారు చేస్తే, పెద్ద పెద్ద ఏసీ, టీవీ కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. అక్షరాలా ఇరవై రెండు రూపాయలు! ఏసీ బిగించడానికి మన దగ్గర వేలు గుంజేటప్పుడు వీళ్లకు ఏ కోర్టూ గుర్తు రాదు.