చెర్నోబిల్ పాపం న్యూట్రాన్లకు చుట్టకండి

మళ్లీ అదే ఫార్వర్డు. "రియాక్టర్‌లో న్యూట్రాన్లు జూదంలా పెరిగి తగ్గుతాయి. ఎప్పుడు ఎగబాకుతాయో ఎవరూ చెప్పలేరు. శాస్త్రవేత్తలు ఇది దాచారు. చెర్నోబిల్ ఇలాగే పేలింది. రేపు కొవ్వాడ అణు కేంద్రమూ ఇంతే."

దాచారట! ఒక్కో ఫిషన్‌లో, అంటే యురేనియం కేంద్రకం చీలినప్పుడు, వచ్చే న్యూట్రాన్ల సంఖ్య ఎంత చెదురుతుందో భౌతిక శాస్త్రవేత్తలు ఫైన్‌మన్, డి హాఫ్‌మన్, సెర్బర్ కొలిచిన పేపరు 1956లోనే అచ్చయింది.

ఎన్ని వస్తాయో చెప్పలేమన్నది నిజం. యురేనియం-235 ఒకసారి ఒక్కటీ ఇవ్వదు, ఒకసారి ఐదిస్తుంది. సగటు 2.4. అయితే ఏంటి?

అసలు కోపం చెర్నోబిల్ మాట మీద. ఆ రాత్రి నాలుగో యూనిట్ ఉష్ణశక్తి సుమారు 200 మెగావాట్లు. వాట్‌కి సెకనుకు 3,100 కోట్ల ఫిషన్లు వేసుకోండి. ఏ క్షణంలో చూసినా కోర్‌లో వంద కోటి కోట్ల పైచిలుకు న్యూట్రాన్లు. ఇలాంటి యాదృచ్ఛిక ఊగిసలాట సుమారు ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది, అంటే పది కోట్లు. మొత్తంలో అది పది కోట్లలో ఒక వంతు. ఒక ఫిషన్ ఇంకోదాన్ని పుట్టించే గొలుసుల వల్ల ఇంకా ఎక్కువంటారా, సరే, వెయ్యి రెట్లు చేయండి. లక్షలో ఒక వంతు. ఆ వణుకే సెకన్లలో పవర్‌ను వంద రెట్లు దాటించిందా? న్యూట్రాన్లను మింగే జెనాన్ పేరుకున్న కోర్‌లోంచి, గొలుసుకు పగ్గం వేసే కంట్రోల్ రాడ్లన్నీ దాదాపు బయటికి లాగింది మనుషులు. నీరు ఆవిరైతే రియాక్టివిటీ (గొలుసు పెరిగే ఊపు) పెరిగే డిజైన్ గీసింది మనుషులు. రియాక్టర్‌ను అత్యవసరంగా ఆపే ఏజెడ్-5 బటన్ నొక్కితే దిగే రాడ్ల గ్రాఫైట్ భాగం అడుగునున్న నీటిని తోసేసి మంటకు ఆజ్యం పోసింది. న్యూట్రాన్ మీదికి నెట్టేస్తే వీళ్లంతా గంగలో మునిగొచ్చినట్టే. భలే న్యాయం!

ఆ ఫార్వర్డు చివర్లో మాత్రం ఒక ప్రశ్న ఉంది: "అంత నమ్మకముంటే స్టార్టప్‌లో న్యూట్రాన్ సోర్సు (న్యూట్రాన్లు వెదజల్లే పదార్థం) ఎందుకు?" మంచి ప్రశ్నే, ఒప్పుకుంటున్నా. జూదం నిజంగా ఆడేది అక్కడే. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల గొడైవా లాంటి, చుట్టూ ఏ కవచమూ లేని సుసంపన్న యురేనియం గోళాన్ని ప్రాంప్ట్ క్రిటికల్ (ఫిషన్‌లో అప్పటికప్పుడు పుట్టే న్యూట్రాన్లతోనే గొలుసు నిలిచే స్థితి) కన్నా రియాక్టివిటీలో 0.00065 పైకి తీసుకెళ్లారనుకోండి. ఒక న్యూట్రాన్ ఆగని గొలుసు మొదలుపెట్టే అవకాశం సుమారు పదిహేనొందల్లో ఒకటి. సెకనుకు వంద పుట్టినా సగటున పదిహేను సెకన్ల నిరీక్షణ. ఒక్కోసారి రెండు, ఒక్కోసారి నలభై. ఈలోపు న్యూట్రాన్లను లెక్కించే కౌంటర్ నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఏమీ కాలేదని ఇంకాస్త రియాక్టివిటీ జోడించారో, గొలుసు పట్టుకున్నాక పల్సు అనుకున్నదానికన్నా పెద్దదొస్తుంది.

ఆ నిరీక్షణ జూదం ఉండకూడదనే పవర్ రియాక్టర్‌లో కాలిఫోర్నియం-252 లాంటి సోర్సు పెడతారు. తక్కువ న్యూట్రాన్లను కొలిచే సోర్స్ రేంజ్ కౌంటర్ కనీస రేటు చూపించందే రాడ్ లాగరు. లాగిన ప్రతి మెట్టు దగ్గరా ఆగి, కౌంటర్‌లో తగినన్ని న్యూట్రాన్లు నమోదయ్యేదాకా కాచుకుంటారు. వంద పడితే తప్పు పది శాతం, పదివేలు పడితే ఒక శాతం. ఆ తర్వాతే రేటు తలకిందుల విలువ (1/రేటు) గ్రాఫ్ మీద పెట్టి, గీత సున్నాను ఎక్కడ తాకుతుందో, అంటే గొలుసు తనంతట తాను నిలిచేది ఎక్కడో చూసి, తర్వాతి మెట్టు ఎంతో తేలుస్తారు.