అన్నీ సెట్ చేసే సెట్ గారికి

తిరుపతి

మహారాజశ్రీ సెట్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం సెట్. అక్కడ మీరు కూడా సెట్ అని తలుస్తాను.

మీ ఘనత తెలియక రాస్తున్న ఉత్తరం కాదిది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో క్రియాపదంగా మీకొక్కరికే 430 అర్థాలిచ్చారు. వాటిని వివరించడానికి 60,000 మాటలు ఖర్చయ్యాయి. ఆ తర్వాత 'రన్' అనే ఆయన 645 అర్థాలతో మిమ్మల్ని దాటేశాడని అదే నిఘంటువు వాళ్ళు లెక్క తేల్చారట. బాధపడకండి. వాళ్ళు తిరుపతికి వచ్చి లెక్కపెట్టలేదు.

మీ సొంత దేశంలో మీరు చేసుకునే చాకిరీ మీద నాకు ఫిర్యాదు లేదు. అక్కడ పొద్దు గూకినా మీరే, విరిగిన ఎముకను సరిచేసినా మీరే. ఉంగరంలో రాయి పొదగాలన్నా, గడియారం ముల్లు తిప్పాలన్నా, బల్ల మీద కంచాలు సర్దాలన్నా మిమ్మల్నే పిలుస్తారు. మాకూ అలాంటివాడొకడున్నాడు, పేరు 'పెట్టు'. అన్నం పెడతాడు, దణ్ణం పెడతాడు, ముగ్గు పెడతాడు, పుల్లలు పెడతాడు, పిల్లలకు పేరు పెడతాడు, పెద్దలకు పేర్లు పెడతాడు. కానీ ఏం పెడుతున్నాడో ముందు చెప్పి మరీ పెడతాడు. అన్నం పెడతామని పిలిచి దణ్ణం పెట్టి పంపేవాళ్ళు లేరని కాదు, అది మనిషి తప్పు గానీ మాట తప్పు కాదు. మీరలా కాదు. ముందూ వెనకా ఎవరూ లేకుండా 'సెట్' అని ఒంటరిగా దిగిపోతారు. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎంతయింది అని అడిగితే పలకరు.

మా ఇంట్లో ఇదివరకు పెరుగు తోడుకునేది. ఇప్పుడు సెట్ అవుతోంది, చలికాలమైతే సెట్ అవడం లేదు. పాకం కుదిరేది, మూత అమరేది, మందు ఒంటికి పడేది, అదృష్టం బాగుంటే అత్తకూ కోడలికీ పొసిగేది. వీళ్ళందరి చేతా మీరు రాజీనామా చేయించారు. గాంధీ రోడ్డులో చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడితే కొట్టు కుర్రాడు "సూపర్‌గా సెట్ అయింది సార్" అన్నాడు. రంగు నప్పిందా, కొలత సరిపోయిందా, ఆ ధరకు నేను దొరికానా? మూడింటికీ ఒకటే మాట.

చంద్రగిరి దగ్గర పల్లెలో ఉండే మా అవ్వకు, మనవరాలి సంబంధం సెట్ అయిందని ఫోన్లో చెప్పాం. "ఏ సెట్టు నాయనా? మామిడి సెట్టా?" అంది. మా వైపు చెట్టును సెట్టనే అంటారు లెండి. కుదిరిందని విడమరిచి చెబితే, "అట్ట చెప్పొచ్చు కదా. ఎవురు కుదిర్చినారు?" అని అడిగింది. అక్కడ వచ్చింది చిక్కు. కుదిరిందంటే కుదిర్చిన పెద్దమనిషి ఒకరుండాలి, రేపు తేడా వస్తే వెళ్ళి నిలదీయడానికి. సెట్ అవడానికి సెల్‌ఫోన్లో ఒక యాప్ చాలు.

పిల్లల చదువుల దగ్గర మీ పేరుతోనే ఇంకొకాయన తిరుగుతున్నాడు. ఇంగ్లీషులో ఆయన స్పెల్లింగు 'సి'తో మొదలవుతుంది, తెలుగులోకి వచ్చేసరికి ఇద్దరూ ఒకే అచ్చు. మెడిసిన్ సీట్లు నీట్‌కు వెళ్ళిపోయాక మా పాత ఎంసెట్ కాస్తా 2021లో ఈఏపీసెట్ అయింది. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, ఈసెట్ ఉండనే ఉన్నాయి. యూనివర్సిటీ దగ్గర టీ బంకులో ఎవరిని కదిపినా ఏదో ఒక సెట్‌కు చదువుతున్నవాడే. "ఏం అబ్బయ్యా, లైఫ్ సెట్టేనా?" అంటే, "సెట్ కొడితే సెట్ అవతాదన్నా" అంటాడు. వాణ్ణి చూసి నవ్వాలో, వాళ్ళ నాన్న కట్టిన ఫీజు తలుచుకుని ఏడవాలో తెలియదు.

లెక్కల మాస్టార్లు మాత్రం మీకు మర్యాదైన తెలుగు పేరు పెట్టారు: సమితి. ఏ సమితికైనా శూన్య సమితి ఉపసమితి అవుతుందని కూడా వాళ్ళే నేర్పారు. మా వార్డుకు ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు "అన్నీ సెట్ చేస్తాం" అన్నప్పుడల్లా నాకు ఆ పాఠం గుర్తొస్తుంది.

మీకు ముందు 'అప్' వస్తే కడుపు చెడుతుంది. వెనక 'అప్' వస్తే కాపురం చెడుతుంది. దాని మీద ఇంతకంటే రాయను, ఇంట్లోవాళ్ళు చదువుతారు.

మీకు పర్యాయపదాలని నిఘంటువులు చాలామందిని చూపిస్తాయి. మా ఊళ్ళో ఎవరూ మీకు సాటి రారు. 'అరేంజ్' అంటే ఖర్చు ఎవరిదని అడుగుతారు. 'అడ్జస్ట్' అంటే బస్సులో ఇద్దరి సీట్లో మూడోవాడికి జరగాలి. 'ఫిక్స్' అయితే మరీ ప్రమాదం, పోలీసులు వస్తారు. అదే పని సెట్ చేస్తే సాయం చేసినట్టు.

ఇక అసలు విషయానికొస్తాను. తిరుపతిలో ఇల్లున్న ప్రతివాడికీ వేరే ఊళ్ళలో చుట్టాలుంటారు. పండక్కి ఫోన్ చేయరు, ఒంట్లో బాగోలేదంటే చేయరు. వేసవి సెలవుల ముందు, వైకుంఠ ఏకాదశి ముందు మాత్రం తప్పకుండా చేస్తారు. "బావా, బాగుండావా? పిల్లోళ్ళు ఏం చదవతా ఉండారు?" వరకూ ముందుమాట. తర్వాత గొంతు కాస్త తగ్గుతుంది. "ఏం లేదు బావా. శనివారం వస్తా ఉండాం. ఎనిమిది మందిమి. దర్శనం సెట్ చేస్తావేమోనని."

ఆ 'ఏం లేదు'లోనే ఉంది అంతా. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదలవుతాయని మా బావకు తెలుసు. శ్రీవాణి ట్రస్టుకు మనిషికి 10,000 విరాళమిస్తే బ్రేక్ దర్శనం ఉంటుందనీ తెలుసు. సర్వదర్శనం ఉచితమనీ తెలుసు. అలిపిరి భూదేవి కాంప్లెక్స్‌లోనో, శ్రీనివాసంలోనో, విష్ణునివాసంలోనో టోకెన్ కోసం వరుసలో నిలబడవచ్చనీ తెలుసు. ఆయన అడిగేది వీటిలో ఏదీ కాదు. ఎవరో పెద్దాయన ఉత్తరం ఒకటి పట్టుకురమ్మంటున్నాడు. ఆ మాట తెలుగులో అనాలంటే సిఫారసు చేయించు అనాలి, నా కోసం ఒకరి గడపలో నిలబడు అనాలి, ఇంకా దిగితే ఎవరి చేతులైనా తడుపు అనాలి. దేవుడి దర్శనానికి ఆ మాటలు అనడానికి నోరు రాదు. అప్పుడు మీరొచ్చి మొత్తం కడిగి, తుడిచి, విభూది పెట్టి పంపుతారు. కాదంటే చెడ్డవాణ్ణి నేను. "ఊళ్ళోనే ఉండి ఒక్క దర్శనం సెట్ చెయ్యలేకపోయినాడు" అని తిరుగు ప్రయాణంలో రైలు రేణిగుంట దాటకముందే తీర్మానం పాసైపోతుంది. మా ఊరివాళ్ళం మేమే కొండకు ఎప్పుడో గానీ వెళ్ళమని చెబితే నమ్మేవాడు లేడు.

మా పక్క వీధిలో అపార్ట్‌మెంట్ కట్టిన బిల్డరుదీ మీ భాషే. లిఫ్ట్ సెట్ చేస్తాం, నీళ్ళు సెట్ చేస్తాం, పార్కింగ్ అదే సెట్ అయిపోతుంది. ఆ కట్టడం మొత్తంలో మాట మీద నిలబడింది సిమెంటొక్కటే. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్ళు కలిపాక కనీసం 30 నిమిషాలు గడిచేవరకూ బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాల్లోపు బిగుసుకోవడం పూర్తి కావాలి. మన దేశపు ప్రమాణాల్లో అలా రాసిపెట్టారు. మీ అర్థాలన్నిటిలో గడువున్నది నాకు కనబడినంతలో ఇదొక్కటే.

కాబట్టి నా మనవి చిన్నది. ఊరొదిలి పొమ్మనను, సెట్ దోశ ఏమైపోవాలి? ఇక మీదట మీరు ఎవరి నోట్లోంచి బయటికొచ్చినా 600 నిమిషాల్లో పని బిగుసుకోవాలి. కాకపోతే ఏం చేస్తారో, ఎవరి చేత చేయిస్తారో, ఎంతవుతుందో ఆ మనిషి చేత తెలుగులో చెప్పించండి. శనివారం మా బావా వాళ్ళూ దిగుతున్నారు. భూదేవి కాంప్లెక్స్ దగ్గర వరుస ఎక్కడ మొదలవుతుందో నేను చూపిస్తాను. మిగతాది మీరు చూసుకోండి.

ఇట్లు,
తిరుపతిలో సొంతిల్లున్న పాపానికి
చుట్టాలు ఎక్కువైనవాడు