తాత పాపం, తలా ఒక టిక్కు

పోయిన నెల మారతహళ్లిలో ఒక కల్యాణ మండపంలో మా పూర్వీకుల పాపాలన్నీ మాఫీ అయిపోయాయి. ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించారు. తొమ్మిదికి హాలు ఇంకెవరికో ఇచ్చారట. "తరాల శాపాల నుంచి విడుదల" కూటం అది. ఈఎంఐల నుంచి ఎలాగూ విడుదల లేదు గనక శాపాల నుంచైనా దొరుకుతుందేమోనని బెంగళూరు తెలుగువాళ్లు నిండుగా వచ్చారు.

గుమ్మం దగ్గరే తలా ఒక కాగితం ఇచ్చారు. బైబిలు నిర్గమకాండం 20లో తండ్రుల దోషం పిల్లల మీదికి మూడు నాలుగు తరాల వరకు అని ఉంది కాబట్టి నాలుగు తరాలకు నాలుగు వరసలు. టిక్కు పెట్టాల్సిన పాపాలు: జాతకాలు, తాయెత్తు, చేతబడి, చెట్టుకు మొక్కడం, కల్లు. చివర "ఇతరములు". తండ్రి దోషం కొడుకు మొయ్యడని అదే దేవుడు యెహెజ్కేలు 18లో తెగేసి చెప్పిన మాట ఆ సాయంత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. పోనీండి. నెహెమ్యా, దానియేలు అంతటివాళ్లు పితరుల పాపాలు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంతో నాకు పేచీ లేదు. ఏది ఒప్పుకుంటున్నామన్నదే పేచీ.

నా పక్క కుర్చీలో అంకుల్‌ది మా గుంటూరు వైపే. ఆర్‌సీ, అంటే రోమన్ కాథలిక్ రెడ్లు. పొద్దున చర్చిలో పూజ, సాయంత్రం ఇక్కడ విడుదల. చాలాసేపు ఆలోచించి నాయనమ్మ వరసలో తాయెత్తుకు టిక్కు పెట్టి, జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు నా మొలకు కట్టించింది బాబూ. అందుకే మావాడికి వీసా తగలడం లేదు." తర్వాత అదే చేత్తో ఫోన్ తీసి కొడుకు బయోడేటా చూపించాడు. భక్తిగల అమ్మాయి కావాలి, ఆర్‌సీ రెడ్డి మాత్రమే. దీనికి కాగితంలో గడి లేదు.

ఈ అంకులే 2019లో ఇంగ్లండ్ చర్చి పెద్ద కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జలియన్‌వాలా బాగ్‌లో నేలమీద బోర్లా పడుకున్న ఫొటోను గ్రూపులో పెట్టి, "ఇన్నాళ్లకు తెల్లవాళ్లకు బుద్ధొచ్చింది" అన్నాడు. తమ పాత నిధికి బానిస వ్యాపారంతో లింకు ఉందని తేలాక 2023లో ఇంగ్లండ్ చర్చివాళ్లు 10 కోట్ల పౌండ్లు తీసి పెడతామన్నారు. ఆ వార్త మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు. డబ్బు సంగతి వస్తే మనవాళ్లకు నెట్ స్లో అవుతుంది.

ఇక అంకుల్ డ్రైవరు. ఒంగోలు వైపు కుర్రాడు, వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు ముందుకు పిలిచి నెత్తిమీద చెయ్యి పెట్టారు.

"తమ్ముడూ, మీ తాతలు జాతరలో డప్పు కొట్టారా?"

"కొట్టారయ్యా. కొట్టకపోతే రైతులు పన్లోకి రానిచ్చేవాళ్లు కాదంట."

"అదే! ఆ డప్పులోనే ఉంది దురాత్మ. తాత తరఫున క్షమాపణ అడుగు."

అడిగాడు. మోకాళ్లమీద, వెక్కివెక్కి.

ఆ ఒంగోలు దగ్గరే, పెద్ద కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఇక డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు తినం అన్నందుకు ఊరి పెద్దల చేతుల్లో పడరాని పాట్లు పడ్డారు. కొట్టనన్నందుకు ఆనాడు కూలి పోయింది, కొట్టినందుకు ఈనాడు మనవడు ఏడవాలి! కొట్టించినవాడి మనవడేమో తాయెత్తు గురించి కన్నీళ్లు పెట్టుకుని ఏసీ కింద కూర్చుంటాడు. సిగ్గుండక్కర్లేదా? క్రైస్తవుడివి కాబట్టి ఎస్సీవి కావని 1950 నాటి ఉత్తర్వు ఇప్పటికీ అంటుంది. ఎస్సీవి కాబట్టి నీ శవం గోడకు అవతలే అని తిరుచ్చి మేలపుదూరు శ్మశానంలో క్రైస్తవులే గోడ కట్టారు. బతికుండగా లేని కులం చచ్చాక ఎక్కడినుంచి వచ్చిందయ్యా?

నా కాగితం సంగతీ చెప్పాలి. మా తాతకు ఆరుగురు పాలేర్లు. వాళ్లు తాగే గ్లాసులు గొడ్లచావిడి చూరులో దోపి ఉండేవి. తాగినవాడే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఇంట్లోమటుకు పూటపూటా జపమాల. ఇది "ఇతరములు"లో రాశాను. కాగితాలు పోగుచేసే అబ్బాయి చదివి ఇబ్బంది పడ్డాడు. "అన్నా, ఇది సోషల్ మ్యాటర్. స్పిరిచ్యువల్‌గా ఏమైనా ఉంటే రాయండి." సువార్తలో సుంకరి జక్కయ్య కూడా ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నప్పుడు సోషల్ మ్యాటరే మాట్లాడాడు పాపం.

చివరికి కాగితాలన్నీ వంటవాళ్ల బాణలిలో వేశారు. కర్పూరం అన్యాచారం గనక శానిటైజర్ పోసి అంటించారు. నాలుగు తరాల పాపం కదా, పొగ బాగానే వచ్చింది. అలారం మోగింది. కీబోర్డు అబ్బాయి దానికి శ్రుతి కలిపాడు. "ఏన్ సార్ ఇదు, ఒళగే బెంకి హచ్చిద్దీరా?" అని, లోపల నిప్పు పెట్టారేంటని, మండపం మేనేజరు కన్నడంలో అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ముందు వరసలో ఒకావిడ అన్యభాషలనుకుని "ఆమెన్" అంది.

బాణలి వేడికి టైల్ పగిలింది. మేనేజరు మూడు వేలు అడిగాడు, అంకులే కల్పించుకుని రెండు వేలకు దించాడు. కానుకల సంచిలోంచి తీసి కట్టారు. డ్రైవరు వేసిన ఇరవై రూపాయల నోటు కూడా ఆ సంచిలోనే ఉంది.