కోనన్ మీద చేయి చేసుకున్నవాళ్లు

రాబర్ట్ ఇ. హోవార్డ్ రాసిన సాహస కథల హీరో, సిమ్మీరియా అనే కల్పిత దేశపు వీరుడు కోనన్. అతని మీద చేయి చేసుకుని బతికి బట్టకట్టినవాళ్లు ఆ కథల్లో దాదాపు లేరు. మాంత్రికులు, కొండచిలువలు, కిరాయి హంతకులు, పేరు పలకడానికి నోరు తిరగని దేవుళ్లు అందరూ నాలుగైదు పేజీల్లోనే నేలకరిచారు. చేయి చేసుకుని కూడా చెక్కుచెదరకుండా, పైపెచ్చు అట్ట మీద తమ పేరు వేయించుకున్న జాతి ఒక్కటే ఉంది. సంపాదకులు! వారి పరాక్రమానికి దక్కాల్సిన గౌరవం ఇన్నాళ్లూ దక్కలేదు. ఆ లోటు తీర్చాలనే కలం పట్టాను.

అసలు రచయిత రాబర్ట్ ఇ. హోవార్డ్‌తో మొదట్నించీ చిక్కే. టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో కూర్చుని, ఒక వరసా పాడూ లేకుండా రాసుకుపోయాడు. 1932 డిసెంబరు ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వచ్చిన మొట్టమొదటి కథలో కోనన్ అప్పటికే నడివయసు రాజు. అది కూడా కల్ అనే ఇంకో రాజు కోసం రాసి, అమ్ముడుపోక, కిరీటం ఈ తల మీదికి మార్చిన కథ. తర్వాతి నెలలోనూ రాజే. మార్చి వచ్చేసరికి కుర్ర దొంగ! ఇదేం పద్ధతంటే, సాహసాలు చేసినవాడు గుర్తొచ్చిన వరసలో చెబుతాడు గానీ పద్ధతి ప్రకారం చెప్పడు అని 1936లో ఒక ఉత్తరంలో జవాబిచ్చాడు. బాధ్యత గల రచయిత అనాల్సిన మాటేనా? ఆ ఏడాది జూన్‌లోనే, 30 ఏళ్లకే, పత్రిక బాకీ చేతికి రాకముందే పోయాడు. ఆ పత్రికలో అచ్చయిన కోనన్ కథలు మొత్తం 17.

పదిహేడంటే పదిహేడే. ఒక మహావీరుడికి ఇది ఏ మూలకి?

1950లలో నోమ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ గట్టి అట్టలతో ఏడు పుస్తకాలు తెచ్చింది. సరుకు చాల్లేదు. అప్పుడు రంగంలోకి దిగినవాడు ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్ అనే ఇంకో రచయిత. హోవార్డ్ కాగితాల్లో కోనన్‌కి ఏ సంబంధమూ లేని సాహస కథలు కొన్ని దొరికాయి. ఆయన తుపాకులు ఉన్నచోట కత్తులు పెట్టి, కైరో నగరాన్ని పెకలించి కోనన్ కథల్లోని షెమ్ దేశంలో పాతి, ఎక్కడైనా కాస్త చప్పగా తోస్తే ఒక భూతాన్ని దింపాడు. హీరో పేరు కొట్టేసి కోనన్ అని రాశాడు. ఇలా నాలుగు కథలు 1955లో పుస్తకమయ్యాయి. రెండేళ్లకి బ్యోర్న్ నైబెర్గ్ అనే స్వీడన్ అభిమాని ఏకంగా ఒక నవలే రాస్తే, డి క్యాంప్ దాన్నీ దిద్ది వేయించాడు. స్వీడన్ నుంచి కూడా కోనన్‌కి దారుందని హోవార్డ్‌కి తోచలేదు పాపం.

ఇక 1966 నుంచి లాన్సర్ అనే సంస్థ తెచ్చిన పేపర్‌బ్యాకుల గురించి చెప్పాలి. ఫ్రాంక్ ఫ్రజెటా గీసిన అట్టబొమ్మలు చూసే సగం మంది కొన్నారు, ఆ సగంలో నేనూ ఉన్నాను. వీరుడి జీవితాన్ని పుట్టుక నుంచి వృద్ధాప్యం దాకా వరసలో పెడతామన్నారు. మరి మొదట విడుదలైంది? ఐదో భాగం! రచయిత గుర్తొచ్చినట్టు చెబితే తప్పు, ప్రచురణకర్త గుర్తొచ్చినట్టు వేస్తే ప్రణాళిక. వరసలో పెట్టాక మధ్యమధ్య ఖాళీలు కనపడ్డాయి. ఖాళీ కనపడితే కథ రాయాలన్నది డి క్యాంప్, ఆయన తోటి రచయిత లిన్ కార్టర్‌ల ధర్మం. మొదటి భాగంలో ఏడు కథలుంటే రెండు పూర్తిగా వాళ్లవే, ఇంకో రెండు హోవార్డ్ సగంలో వదిలేస్తే వాళ్లు ముగించినవి. మిగిలిన మూడూ హోవార్డ్‌వి, అతిథి రచయిత హోదాలో అనుకోవచ్చు.

ఒక్క కథ సంగతి చెబుతాను. ‘ది బ్లాక్ స్ట్రేంజర్’ని హోవార్డ్ కోనన్ కథగానే రాశాడు. అమ్ముడుపోలేదు. కోనన్‌ని దింపేసి వల్మియా అనే ఐరిష్ ఓడదొంగని ఎక్కించాడు. అయినా అమ్ముడుపోలేదు. ఆయన పోయాక డి క్యాంప్ చేతికి రాతప్రతి చిక్కింది. 1953లో దిద్ది, పేరు మార్చి ‘ది ట్రెజర్ ఆఫ్ ట్రానికోస్’ అన్నాడు. రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టుగా పాఠకుడి కంటపడింది 1987లో. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని ఒక రాత్రి కూర్చున్నాను. హోవార్డ్ కోనన్ చివర్లో తన మానాన తను మళ్లీ సముద్రం మీద దోపిడీకి బయల్దేరతాడు. డి క్యాంప్ కోనన్‌కి అంత తీరిక లేదు. అక్విలోనియా రాజ్యంలో తిరుగుబాటు నడపాలి, సింహాసనం ఎక్కాలి, తర్వాతి భాగం అందుకోవాలి. ఓడదొంగకి ఉద్యోగం వచ్చినట్టుంది.

కలపడం పూర్తయ్యాక తీయడం మొదలైంది. అసలు వ్యాపార మేధ అంతా ఇక్కడే. 1977లో కార్ల్ ఎడ్వర్డ్ వాగ్నర్ అనే సంపాదకుడు వేరేవాళ్ల చేయి పడని అసలు పాఠం అంటూ మూడు పుస్తకాలు తెచ్చాడు. 2003 నుంచి 2005 దాకా డెల్ రే అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ మూడు వేశారు. ఈసారి కోనన్ వయసు వరసలో కాదు, హోవార్డ్ రాసిన వరసలో. అంటే మనిషి బతికుండగా దేన్నయితే తప్పన్నామో అదే ఇప్పుడు ప్రామాణికం. చిత్తుప్రతులు, అసంపూర్ణ కథలు, కథాసంగ్రహాలు, పరిచయ వ్యాసాలు అన్నీ అందులోనే. మొదట ప్రక్షిప్తాలకి డబ్బు కట్టాను. తర్వాత ఆ ప్రక్షిప్తాలు లేనందుకు కట్టాను. రెండుసార్లూ సంతోషంగానే కట్టాను. అదీ ఈ సంపాదకుల గొప్పతనం!

నేను ఇప్పుడు శుద్ధ పాఠ పక్షం. నలుగురిలో డి క్యాంప్ పేరెత్తితే ముఖం చిట్లిస్తాను. ఆయనే లేకపోతే ఆ కథలు పాత పత్రికల్లో పొడి అయిపోయి ఉండేవేమో అని ఎవరైనా అంటే వినపడనట్టు ఉంటాను. ఒక్కటే ఇబ్బంది. చిన్నప్పుడు నన్ను ఈ పిచ్చిలోకి లాగిన ఘట్టం ఒకటుంది. తోడేళ్లు తరుముతుంటే కుర్ర కోనన్ ఒక గుహలో దూరతాడు. చీకట్లో తడుముకుని మంట రాజేస్తే, ఎదురుగా రాతి ఆసనం మీద ఎండిపోయిన శవం, ఒడిలో పెద్ద కత్తి. కత్తి తీసుకుంటాడు. వెనక శవం లేస్తుంది. ఎన్ని రాత్రులు దుప్పటి ముసుగులోంచి తలుపు వంక చూశానో! శుద్ధ ప్రతులు రాగానే మొదట ఆ కథ కోసమే వెతికాను. ఉండదు మరి. అది డి క్యాంప్, కార్టర్ కలిసి 1967లో రాసింది.

ఆ కథ ఉన్న, వీపు చిరిగిన పాత లాన్సర్ మొదటి భాగం డెల్ రే మూడు పుస్తకాల వెనక వరసలో ఉంది. ఎవరైనా వస్తే కనపడదు.