తిరునాళ్లలో తప్పిపోయిన బట్టీ

మొన్న ఒక వేలం ప్రకటన చదివి చేతులు జోడించాను. కాలగర్భంలో తప్పిపోయిన డిస్టిలరీ, అంటే విస్కీ కాచే బట్టీ, తాలూకు అపురూపమైన స్కాచ్ అట. డిస్టిలరీ ఎలా తప్పిపోతుందా అని భక్తితో ఆలోచించాను.

తిరునాళ్లలోనే అయి ఉంటుంది. మైకులో పిలుస్తున్నారు: ‘పేరు లేడీబర్న్. వయసు తొమ్మిదేళ్లు. ఊరు స్కాట్లాండులోని గిర్వన్. ఒంటి మీద రాగి బట్టీలున్నాయి. ఏడుస్తూ పోలీసు శిబిరం దగ్గర కూర్చుంది. తాలూకు వారు ఎక్కడున్నా వెంటనే రావాలి.’ జీళ్ల కొట్టు ముందు జనం అయ్యో అన్నారు. రంగులరాట్నం ఆగింది. ఒక పెద్దామె బట్టీకి మరమరాలు పెట్టింది. తాలూకు వారు మాత్రం రాలేదు.

ఎందుకు వస్తారు? వదిలేసి వెళ్లిందే వారు. విలియం గ్రాంట్ సంస్థ 1963లో గిర్వన్‌లో ధాన్యపు విస్కీ కర్మాగారం పెట్టింది. 1966లో ఆ ఆవరణలోనే మాల్టు కోసం, అంటే మొలకెత్తించిన బార్లీతో కాచే విస్కీ కోసం, లేడీబర్న్ కట్టింది. కలగలుపు విస్కీలోకి మాల్టు కావాలి, అంతే. పోపులో మెంతిగింజకు ఎంత పేరుంటుందో దీనికీ అంతే. 1975లో ఆపేశారు, మరుసటి ఏడు ఊడదీశారు. పెద్ద కర్మాగారం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాని కోసం కంటతడి పెట్టిన రసికుడు నాకింకా తగలలేదు.

మిగిలిన పీపాలకు మాత్రం యోగం పట్టింది. పీపాలు చేజిక్కిన బయటివారు కొందరు, మొగుడి పేరు పలకని పాతకాలపు ఇల్లాలిలా, లేడీబర్న్ అనకుండా ‘ఎయిర్‌షైర్’ అని జిల్లా పేరు వేసి అమ్మారు. యజమానులేమో 1966 నాటి సరుకును పేరుమోసిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ బెయిలీ తీసిన ఫొటోలు అంటించిన సీసాల్లో పోశారు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు మగ్గాలి. అమృతం అనిపించుకోవడానికి తయారైన చోటు నేలమట్టమైతే చాలు.

తప్పిపోలేదయ్యా! లెక్కలు చూసుకుని మూశారు. మనుషులను పెట్టి విప్పించారు. మూసినవాడికి కర్త ఉంటాడు, క్రియ ఉంటుంది, తేదీ ఉంటుంది. ‘తప్పిపోయింది’ అనగానే ఆ ముగ్గురూ మాయం! కూల్చిన చేతితోనే కన్నీరు తుడుచుకుని, అదే చేయి ధర కోసం చాపడానికి సిగ్గుండాలి.

ఆ ప్రకటనలో తేనె, పాత తోలు, తడిసిన చెక్క వాసనల మీద పదకొండు వాక్యాలున్నాయి. బట్టీ వేడికి నిలబడి పనిచేసిన మనిషి మీద ఒక్కటీ లేదు. రెండుసార్లు లెక్కపెట్టాను.