పదిహేడో ర్యాంకువాడి బొమ్మలు

టెక్సాస్‌లోని మా ఫ్రిస్కో ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పోయినవారం ఒక ప్రకటన వచ్చింది. "బాస్కెట్‌బాల్ హూప్, పెయింటింగ్ ఈజిల్, రంగులతో సహా ఫ్రీ. బాబు కాలేజీ అప్లికేషన్ సబ్‌మిట్ అయిపోయింది, కావలసినవారు వచ్చి తీసుకెళ్లగలరు." దాని కింద దండాలు, కంగ్రాట్సులు, "ఏ కాలేజీ అండీ" అని ఆరాలు. అప్లికేషన్‌లో చూపించుకోవడానికే ఆటా బొమ్మలూ నేర్పించి, పని కాగానే వదిలించుకుంటున్నారేమిటని ఒక్కరూ ముక్కున వేలేసుకోలేదు.

ఆ బాబు అదృష్టవంతుడు. ఇక్కడికి గంట ప్రయాణం, డాలస్‌కి దక్షిణాన ఉన్న వాక్సహాచీలో 1977లో పుట్టిన బాస్కెట్‌బాల్ ఆటగాడు డెస్మండ్ మేసన్‌కి ఇంత దూరదృష్టి ఉన్న గ్రూపు దొరకలేదు. చెప్పేవాళ్లు లేక హూపూ ఉంచుకున్నాడు, ఈజిలూ ఉంచుకున్నాడు. పైగా ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో చేరి, అంత పెద్ద యూనివర్సిటీలో ఇంకేమీ దొరకనట్టు స్టూడియో ఆర్ట్ చదివాడు. ఫలితం అనుభవించాడు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే 2000 డ్రాఫ్ట్‌లో సియాటెల్ సూపర్‌సోనిక్స్ టీమ్ అతన్ని ఎంచుకుంది, పదిహేడో స్థానంలో. పదిహేడు! మా వీధిలో అయితే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

అసలు ఈ మనిషి మా పాట్‌లక్‌కి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉంటాను. గుమ్మంలో తల వంచి లోపలికొస్తాడు. గారెల ప్లేటుతో అంకుల్ ఎదురవుతాడు.

"ఏం సాధించావు బాబూ?"

"2001లో స్లామ్ డంక్ పోటీ, అంటే ఎగిరి బంతిని హూప్‌లోకి కుక్కే పోటీ, గెలిచానంకుల్. మా టీమ్‌మేట్ రషార్డ్ లూయిస్ మీంచి ఎగిరి బంతి వేశాను."

"మీంచి ఎందుకు, పక్కన ఖాళీ లేదా?"

"... 2003లో నన్నూ గ్యారీ పేటన్‌నీ మిల్వాకీ టీమ్‌కి ఇచ్చేసి రే ఆలెన్‌ని తెచ్చుకున్నారు."

"లేఆఫ్ అన్నమాట."

"కాదంకుల్, ట్రేడ్."

"ఏదో ఒక పేరు పెడతారులే. హెచ్1బీ ట్రాన్స్‌ఫర్ ఎవరు చేయించారు?"

"నేనిక్కడే పుట్టానంకుల్. తర్వాత హార్నెట్స్‌లో చేరేసరికి, కత్రినా తుఫాను దెబ్బకి ఆ టీమ్ న్యూ ఆర్లీన్స్ వదిలి ఓక్లహోమా సిటీలో ఆడాల్సొస్తోంది. 2008లో థండర్ టీమ్‌కి వెళ్లాను. తీరా చూస్తే అది నన్ను మొదట తీసుకున్న సూపర్‌సోనిక్సే, సియాటెల్ నుంచి మూటాముల్లె సర్దుకుని ఓక్లహోమాకి వచ్చేసింది."

"నువ్వు కాలుపెట్టిన కంపెనీ నిలవదన్నమాట. జాతకం చూపించారా?"

ఇంతలో లోపల్నుంచి ఆంటీ, "ఇప్పుడేం చేస్తున్నాడట?" అంటుంది. బొమ్మలు వేస్తాడట, మట్టితో కూడా చేస్తాడట అని అంకులే జవాబిస్తాడు. రిటైరయ్యాక కాలక్షేపం, మంచిదే, మా మావగారు కూడా తోటపని చేస్తారు అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేస్తాడు. ఆడే రోజుల్లోనూ వేశాను, అంతకుముందూ వేశాను, నేను చదివిందే అది మహాప్రభో అని మేసన్ మొత్తుకుంటున్నా వినిపించుకోడు, ఎందుకంటే అప్పటికే పులిహోర దగ్గరికి వెళ్లిపోయాడు.

నవ్వులాట సరే, ఆ ప్రకటనతో పాటు పెట్టిన ఫొటో చూశారా ఎవరైనా? ఈజిల్ మీద కాగితం ఇంకా అలాగే ఉంది. గుర్రం బొమ్మ. మూడు కాళ్లు వేశాడు, నాలుగోది పెన్సిల్ గీత దగ్గర ఆగిపోయింది. శనివారం బాస్కెట్‌బాల్‌కి, ఆదివారం ఆర్ట్ క్లాస్‌కి ఏళ్ల తరబడి కారులో పడేసి తిప్పారే, ఇందులో నీకేది ఇష్టం రా అని ఒక్కసారి అడిగారా? రెండూ ఇష్టమేనంటాడేమో, ఆ మాట చెప్పడానికైనా నోరు తెరవనిచ్చారా? వాడి చేతుల్లో ఉన్నదాన్ని అప్లికేషన్‌లో రెండు లైన్లుగా మార్చుకుని, మిగతాది ఊరికే పట్టుకుపొమ్మంటారా? సిగ్గు లేదూ?

మీకు డబ్బుల్లో చెబితే గానీ ఎక్కదు కదా, అలాగే చెబుతాను. ఎర్నీ బార్న్స్ అని ఒకాయన, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. టీమ్ మీటింగుల్లో బొమ్మలు గీస్తున్నాడని జరిమానా వేశారు. ఆయన పెయింటింగ్ ఒకటి 2022లో వేలంలో కోటిన్నర డాలర్లకు పైగా పలికింది. ఫోన్ తీసి రూపాయల్లోకి మారుస్తున్నారు కదూ? మార్చుకోండి. ఆయన 2009లోనే పోయాడు, అందులో పైసా కళ్లజూడలేదు.